మిద్దె మీద ఆయకట్టు

బెంగళూరులో తెలుగువారి మిద్దెల మీద జరుగుతున్న జల అన్యాయాన్ని ఏ ప్రభుత్వమూ పట్టించుకోకపోవడం శోచనీయం. మారతహళ్లి నుంచి కె.ఆర్.పురం దాకా ఏ మిద్దె ఎక్కినా కొన్ని గ్రో బ్యాగులు, వాటి మధ్య నల్ల పైపు, కుళాయికి బిగించిన టైమరు కనిపిస్తాయి. దాన్ని కూరగాయల తోట అనుకోవడం చూసేవారి అమాయకత్వం. అది నీటిపారుదల ప్రాజెక్టు. అంచనా వ్యయం, సవరించిన అంచనా వ్యయం, ఫోను ఎత్తని గుత్తేదారు, నీరందని చివరి ఆయకట్టు, అన్నీ ఉన్నాయి.

కావేరి నీటిని సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు తోడి ఈ నగరానికి తెస్తున్నారు. అది సంపులో పడగానే మన మోటారు మరో మూడంతస్తులు ఎక్కిస్తుంది. ఇంత ప్రయాణం చేసిన నీరు గంటకు 4 లీటర్ల చొప్పున వంగ మొక్క మొదట్లో చుక్కచుక్కగా రాలుతుంటే, గృహస్థు దాన్ని నీటి పొదుపు అంటాడు. 2018లో సుప్రీంకోర్టు బెంగళూరు అవసరాలకు 4.75 టీఎంసీలు అదనంగా కేటాయించింది గానీ, అందులో వంకాయల వాటా తేల్చలేదు. 2024 మార్చిలో జలమండలి తేల్చింది: తాగునీటితో తోటలు తడిపితే 5,000 రూపాయల జరిమానా. ఆ వేసవిలో మా వీధిలో మొక్కలకు నీళ్లు పెట్టానని చెప్పినవారు ఒక్కరూ లేరు. మొక్కలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. దైవలీల.

అసలు తగాదా పంపకంలో ఉంది. పైపు నుంచి చుక్కలు వదిలే డ్రిప్పర్ మీద రాసిన లెక్క నిజం కావాలంటే చదరపు సెంటీమీటరుకు సుమారు కిలో ప్రెషర్ ఉండాలి, అంటే ట్యాంకులో నీరు మొక్కలకు 10 మీటర్ల ఎత్తున నిలవాలి. మన ట్యాంకు స్టాండు ఎత్తు రెండు మీటర్లు. అందువల్ల ఎగువన ఉన్న టమాటా తాగినంత తాగుతుంది, దిగువన ఉన్న గోంగూర ఆకాశం వంక చూస్తుంది. ప్రెషర్‌లో తేడాలను సరిదిద్దే డ్రిప్పర్లు కూడా అమ్ముతారు. అవి పని చేయాలంటే ముందు ప్రెషర్ ఉండాలి.

దీనికి తోడు బోరు నీళ్లు. కొన్నాళ్లకు డ్రిప్పర్ మూతి చుట్టూ తెల్లగా సున్నం పేరుకుంటుంది, చుక్క ఆగిపోతుంది. గృహస్థు పిన్నీసు తెచ్చి పొడుస్తాడు. ఆ క్షణం నుంచి అది డ్రిప్పర్ కాదు, తూము. ఆ ఒక్క కుండీ నిండి పొర్లి, నీరు కింది అంతస్తువారి బట్టల మీద పడితే అంతర్రాష్ట్ర వివాదం మొదలవుతుంది, ఎందుకంటే కింది వారు తమిళులు.

వాన సంగతి ఎత్తకపోవడమే మంచిది. 100 చదరపు మీటర్ల మిద్దె మీద ఈ ఊళ్లో సగటున ఏటా 90 వేల లీటర్లకు తక్కువ కాకుండా కురుస్తుంది. ఆ నీరంతా గొట్టంలోంచి దిగి రాజకాలువ అనే ఊరి పెద్ద వాననీటి కాలువ పాలవుతుంది. డ్రమ్ము పెడితే అందం పోతుందని గృహస్థుల వాదన. సాయంత్రం ఆరింటికి కుంభవృష్టి కురుస్తుండగా టైమరు టిక్కుమని తెరుచుకుని, నిండిన కుండీలకు విధేయంగా మరో పది నిమిషాలు నీరు పెడుతుంది. ప్రభుత్వ శాఖకు ఉండవలసిన క్రమశిక్షణ అదే.

కాబట్టి కేంద్రం తక్షణమే మిద్దె జలాల ట్రిబ్యునల్ వేయాలి. టమాటాకు మిగులు జలాలపై హక్కు లేదని ప్రకటించాలి. గోంగూరకు తెలుగువారి మనోభావాల దృష్ట్యా ప్రత్యేక హోదా ఇవ్వాలి. పిన్నీసులను జప్తు చేయాలి.

ఈలోగా మా అత్తగారు రోజూ పొద్దున్నే చెంబుతో గోంగూరకు నీళ్లు పోస్తున్నారు. ఆవిడది రేపల్లె వైపు, డెల్టా చివరి భూముల వారికి కాలువను నమ్ముకోవడం అలవాటు లేదు. అనుమతి లేని ఎత్తిపోతల పథకం కింద ఆవిడకు నోటీసు ఇవ్వవలసి ఉంది. ఎవరు ఇవ్వాలన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.