స్ప్రింక్లర్ హెడ్ పీకి పారేసే ముందు ఒక్కసారి దాని జాలీ విప్పి చూడండి

పోస్ట్ కాస్త పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నా. పోయిన వారం మా లాన్‌లో ఒక మూల గడ్డి ఎండిపోయి గోధుమరంగుకి తిరిగింది. అక్కడి స్ప్రింక్లర్ విసనకర్రలా విచ్చుకుని చిమ్మాల్సింది పోయి, బెత్తెడు ఎత్తు లేచి తన చుట్టూ తనే తడుపుకుంటోంది. రిపేర్‌కి వచ్చినాయన కనీసం వంగి చూడలేదు. నిలబడే "హెడ్ పోయింది మేడమ్, ఆ లైన్ మీద నాలుగూ ఒకేసారి మార్చేద్దాం, ఇంక టెన్షన్ ఉండదు" అన్నాడు. వద్దని పంపించేశాను. సాయంత్రం ఒక పాత టూత్‌బ్రష్, బకెట్‌లో నీళ్లు పెట్టుకుని కూర్చుంటే ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. జాలీ నిండా ఇసుక. హెడ్‌కి ఏ రోగమూ లేదు.

నా కోపం ఆ ఒక్క మనిషి మీదే కాదు. విప్పి చూడకుండానే "పోయింది" అనడం, మనం కూడా సరేనని తలూపడం బాగా అలవాటైపోయింది. నిక్షేపంగా పనిచేసే హెడ్లు చెత్తబుట్టలోకి పోతున్నాయి, అసలు తప్పు మాత్రం పైపులోనే ఉండిపోయి రెండు నెలల్లో కొత్త హెడ్‌ని కూడా మూసేస్తోంది.

అసలు అందులో ఏముంటుందో చూడండి. లాన్‌లో నీళ్లు వదలగానే పైకి లేచే రకం గురించి చెప్తున్నా. నేలలో పాతిన గొట్టం లాంటి బాడీ, దాని లోపల లేచే కాడ, నీళ్లు ఆగాక ఆ కాడని కిందికి లాగే స్ప్రింగ్, పైన మరల మూత, ఆ మూతలో కాడని చుట్టి పట్టుకునే రబ్బరు సీల్, కాడ కొసన నాజిల్, నాజిల్ కింద వేలెడంత ప్లాస్టిక్ జాలీ. అంతే. మోటారు లేదు, కరెంటు లేదు, నీటి ప్రెషరే కాడని లేపుతుంది. ఇంత చిన్న వస్తువు విప్పడానికి భయపడాల్సిందేమీ లేదు. మూత తీసే ముందు మాత్రం చుట్టూ ఉన్న మట్టి, గడ్డి వేళ్లు శుభ్రంగా తీసేయండి, లేదంటే తీయగానే అదంతా బాడీలోకి పడుతుంది. తర్వాత మూత ఎడమవైపు తిప్పితే ఊడొస్తుంది, కాడ, స్ప్రింగ్, నాజిల్ అన్నీ ఒక గుత్తిగా చేతికొస్తాయి.

నాజిల్ మర తిప్పి తీసి జాలీ బయటికి లాగినప్పుడు నాకు కనిపించింది ఇదీ: జాలీ పూర్తిగా పూడిపోయి ఉంది, ఆవగింజంత రాళ్లు రెండు, మిగతాదంతా సన్నటి ఇసుక, దాని మీద పాచి జిగురు. బకెట్‌లో ఆడిస్తే ముందు నీళ్లు టీ రంగుకి తిరిగాయి, ఆ తర్వాత ఇసుక అడుగుకి దిగింది. బ్రష్‌తో రుద్ది వెలుతురుకి అడ్డం పెట్టి చూస్తే ప్రతి గడీ తెరుచుకుని ఉంది. నాజిల్ రంధ్రంలో అడ్డుపడ్డది తీయడానికి సూది, పిన్నీసు పెట్టకండి. అది మెత్తటి ప్లాస్టిక్, అంచు కాస్త గీసుకుపోయినా ధార చీలిపోతుంది, ఆ ముక్క ఇక బాగుపడదు. వెనక నుంచి గట్టిగా ఊది, నీళ్లలో ఆడిస్తే చాలు. తెల్లగా సున్నం పేరుకుని ఉంటే కాసేపు వెనిగర్‌లో నానబెట్టండి.

అన్ని జబ్బులకీ జాలీయే కారణం అనడం లేదు. కాడ లేచి మళ్లీ కిందికి దిగకపోతే సాధారణంగా సీల్‌కీ కాడకీ మధ్య ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది. నీళ్లు వదిలి చేత్తో నాలుగైదుసార్లు కిందికీ పైకీ ఆడిస్తే కొట్టుకుపోతుంది, అప్పటికీ దిగకపోతే స్ప్రింగ్ అలిసిపోయినట్టు. మూత చుట్టూ నీళ్లు ఉబికి వస్తుంటే సీల్ పెదవి తెగిందేమో చూడాలి. నీళ్లు ఫౌంటెన్‌లా నిలువుగా ఎగిరితే నాజిల్ ఊడిపోయిందనో, గడ్డి కోసే మెషీన్ కాడని విరిచిందనో అర్థం. లైన్ మీద ఉన్నవన్నీ ఒకేసారి నీరసంగా లేస్తున్నాయంటే హెడ్ల జోలికే వెళ్లొద్దు, వాల్వ్ పూర్తిగా తెరుచుకోవడం లేదు, లేదా ఎక్కడో పైపు పగిలి లీకవుతోంది. అన్నీ పొగమంచులా చిమ్ముతుంటే ప్రెషర్ మరీ ఎక్కువైందని, ఆ నీళ్లు గాలికి పోతాయి తప్ప గడ్డికి చేరవు. ఇలాంటి హెడ్లకి మామూలుగా 30 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 30 పౌండ్ల) ప్రెషర్ సరిపోతుంది.

ఇంకో గోల, వాల్వ్ కట్టేశాక కూడా పల్లంలో ఉన్న హెడ్ దగ్గర నీళ్లు కారడం. దీనికి కూడా హెడ్ మార్చేస్తారు! కాసేపు ఆగి చూడండి. కొన్ని నిమిషాలకి ఆగిపోతే పైపులో మిగిలిన నీళ్లు పల్లానికి జారాయంతే. అదే లోపల చెక్ వాల్వ్, అంటే వాల్వ్ కట్టేశాక పైపులో నీళ్లు బయటికి జారకుండా ఆపే బిరడా, ఉన్న హెడ్ పెట్టాల్సిన చోటు. గంట తర్వాత కూడా ఆగకుండా కారుతుంటే తప్పు వాల్వ్‌ది, దాని డయాఫ్రం (లోపల నీళ్లని మూసే రబ్బరు పొర) కింద ఏదో ఇరుక్కుని పూర్తిగా మూసుకోవడం లేదు. హెడ్ ఎన్నిసార్లు మార్చినా ఆ నీళ్లు ఆగవు.

బాడీ నిజంగానే పగిలితే మార్చాలి, కాదనను. అప్పుడైనా నిదానంగా చేయండి. హెడ్ చుట్టూ జానెడు వెడల్పున గడ్డిని మట్టితో సహా గుండ్రంగా కోసి పక్కన పెట్టండి, అదే మూతలా తిరిగి అమరుతుంది. తవ్విన మట్టి గడ్డి మీద కాకుండా ఒక గోనె మీద పోయండి. పైపు అతుకు కనిపించేదాకా పారతో పొడవొద్దు, చేత్తో తీయండి. పాత హెడ్ తిప్పి తీసిన క్షణం నుంచి కొత్తది బిగించేదాకా ఆ తెరిచిన పైపు నోరు గుడ్డతో మూసి ఉంచండి. ఈ ఒక్క విషయం దగ్గరే అందరూ ఏమరుపాటుగా ఉంటారు, తర్వాత నాలాంటి వాళ్లు జాలీలు కడుక్కుంటూ కూర్చుంటారు. నిపిల్ (పైపునీ హెడ్‌నీ కలిపే పొట్టి గొట్టం) మర మీద టెఫ్లాన్ టేపు మర బిగిసే దిశలోనే రెండు మూడు చుట్లు చాలు, చేత్తో గట్టిగా బిగిస్తే సరిపోతుంది, పానా పెట్టి బిగిస్తే ప్లాస్టిక్ చీలుతుంది. పైన హెడ్ మూత నేల మట్టానికి సరిగ్గా ఉండాలి. ఎత్తుగా ఉంటే మెషీన్ బ్లేడుకి తగులుతుంది, లోతుగా ఉంటే మట్టి పూడుతుంది. నాజిల్ పెట్టకముందే ఒక నిమిషం నీళ్లు వదలండి, లోపలున్న చెత్త బయటికి పోనివ్వండి.

కొత్త నాజిల్ కూడా చేతికి దొరికింది పెట్టేస్తే కుదరదు. దాని మీద అంకె, అక్షరం ఉంటాయి, పాతదాని మీద ఏముందో చూసుకోండి. 15 అంటే 15 అడుగుల దూరం చిమ్ముతుంది, అక్షరం చిమ్మే ఆకారాన్ని చెప్తుంది. మూలకి పావు వృత్తం, గోడ పక్కన అర వృత్తం, మధ్యలో నిండు వృత్తం. వీటి లెక్క చాలా తెలివిగా వేశారు: 15 అడుగుల నిండు వృత్తం నిమిషానికి సుమారు 14 లీటర్లు వదిలితే అర వృత్తం 7, పావు వృత్తం 3.5, అంటే అడుగు నేలకి పడే నీళ్లు అన్నిచోట్లా సమానం. మూలలో నిండు వృత్తం పెడితే గోడకే ఎక్కువ స్నానం. ఇంకా ఘోరం ఏంటంటే, చిమ్మే హెడ్లున్న లైన్ మీద ఒక్కటి మాత్రం గుండ్రంగా తిరిగే రోటర్ హెడ్ తగిలించడం. రోటర్ అదే సమయంలో చిమ్మేదాని నీళ్లలో సగం కూడా పోయదు. ఆ చుట్టూ గడ్డి ఎండిపోతుంది, దాన్ని తడపడానికి టైమ్ పెంచితే మిగతా లాన్ బురదవుతుంది. మా ఇంట్లోనే ఒక సీజన్ మొత్తం ఇలా గడిచింది.

టకటకమని చప్పుడు చేస్తూ తిరిగే పాత ఇత్తడి స్ప్రింక్లర్ చూసే ఉంటారు. 1933లో కాలిఫోర్నియాలోని గ్లెండోరాలో ఆర్టన్ ఎంగిల్‌హార్ట్ అనే ఆయన తయారుచేశాడు. నీటి ధార ఒక చేతిని తోస్తుంది, స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగి కొట్టిస్తుంది, ఒక్కో దెబ్బకి కాస్త కాస్త తిరుగుతుంది. తొంభై ఏళ్లు దాటినా పొలాల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. అందులో ప్రతి ముక్కా కంటికి కనిపిస్తుంది, ఏది మొరాయించిందో నిలబడి చూస్తే తెలిసిపోతుంది, అందుకే నాకది చాలా ఇష్టం. ఇప్పటి ప్లాస్టిక్ హెడ్ కూడా అంతే సులువైనది, నేలలో దాక్కుని ఉంటుంది కాబట్టి ఎవరూ తొంగి చూడరు.

ఇక మా లైన్ సంగతి. ఒకటి కడిగాక నాకు నిద్ర పట్టలేదు, అంత ఇసుక ఎక్కడి నుంచి వచ్చిందని. మర్నాడు మిగతా మూడూ విప్పాను. వాల్వ్‌కి దగ్గరున్నది శుభ్రంగా ఉంది, దాని తర్వాతి రెండూ సగం సగం పూడి ఉన్నాయి. అంటే ఇసుక మొదటి హెడ్ దాటాక లోపలికి వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, పోయిన సీజన్‌లో సరిగ్గా మొదటి, రెండో హెడ్ల మధ్యే పైపు పగిలితే కోసి కొత్త ముక్క అతికించి వెళ్లారు, అతికించింది వచ్చిన ఈ మనిషే. లైన్ కడగకుండా నీళ్లు వదిలేసి "ఓకే మేడమ్" అన్నాడు. లోపల పడిన మట్టంతా కొసన ఉన్న హెడ్‌కి చేరింది, ఇప్పుడు దాన్నే మార్చమన్నాడు.

నాలుగు నాజిళ్లూ, జాలీలూ తీసి పక్కన పెట్టి నీళ్లు వదిలాను. మూడు హెడ్ల నుంచి తేటగానే వచ్చాయి. కొసన ఉన్నదాని నుంచి ముందు బురదనీళ్లు వచ్చాయి, ఒక చిన్న పైపు పెచ్చు ఎగిరి పడింది, కోసినప్పుడు పడ్డ తెల్ల రంపపు పొట్టు కొంత, అర నిమిషం తర్వాత నీళ్లు తేటపడ్డాయి.