ట్యూబ్ యాంప్‌కి ప్రాణం ఉంటుందంట, మోడలర్‌కి ఉండదంట

ఈ నెలలో ఆ పోస్ట్ నాకు పంపిన నాలుగో మనిషి నిన్న రాత్రి పంపాడు. చీకట్లో నారింజ రంగులో వెలుగుతున్న ట్యూబ్ ఫోటో, పైన "చెవులున్నోడు మోడలర్ కొనడు" అని హెడ్డింగు, కింద ఆరు పాయింట్లు. తెలియనివాళ్ళకి: ట్యూబ్ యాంప్ అంటే గాజు ట్యూబులతో గిటార్ సౌండ్‌ని పెంచే పాత తరహా యాంప్లిఫయర్, మోడలర్ అంటే అలాంటి యాంప్‌ల సౌండ్‌ని లెక్కలతో అనుకరించే డిజిటల్ బాక్సు. గిటార్ వాయించే వాళ్ళు ఎవరి గ్రూపులో చూసినా అదే తిరుగుతోంది, కింద "కరెక్ట్ గా చెప్పావ్ బ్రో" అనే కామెంట్లు తప్ప ఒక్కడు కూడా ఆగి ఆలోచించినట్టు లేదు. నా దగ్గర ట్యూబ్ యాంప్ ఉంది, అమ్మలేదు, అమ్మే ఉద్దేశం కూడా లేదు. కానీ గత కొన్నేళ్ళుగా బయట వాయించేది మాత్రం మోడలర్‌తోనే, కాబట్టి రెండు వైపులా కాస్త దెబ్బలు తిన్నవాణ్ణే. ఆ ఆరింట్లో రెండు పచ్చి తప్పులు, రెండు ఒకప్పుడు నిజం ఇప్పుడు కాదు, ఒకటి సగం నిజం, ఒకటి మాత్రం అసలు విషయమే కానీ దానికి ఆయన చెప్పిన కారణం తప్పు. వరసగా వెళ్దాం.

మొదటిది: "డిజిటల్ అంటే సౌండ్‌ని ముక్కలు ముక్కలుగా కోసి మెట్లలాగా పేర్చడం, అనలాగ్ అంటే నున్నటి అల, చెవికి ఆ మెట్లు తగుల్తాయి."

ఈ మెట్ల బొమ్మ ఎవడు మొదలుపెట్టాడో గానీ ఇంకా చావట్లేదు. శాంపిల్స్, అంటే సౌండ్‌ని సెకనుకి వేలసార్లు కొలిచిన అంకెలు, విడివిడిగా తీసుకుంటాం నిజమే, కానీ తిరిగి బయటికి వచ్చేటప్పుడు ఆ అంకెల్ని మళ్ళీ సిగ్నల్‌గా మార్చే కన్వర్టర్, దాని ఫిల్టర్ కలిసి నున్నటి అలనే ఇస్తాయి, అవుట్‌పుట్ జాక్‌కి ఆసిలోస్కోప్ (అలని తెర మీద చూపించే పరికరం) పెట్టి చూస్తే మెట్లు కనపడవు. క్లాడ్ షానన్ అనే గణిత శాస్త్రవేత్త 1949లోనే దీని లెక్క రాసి పెట్టాడు, శాంపిల్ రేటులో సగం లోపు ఉన్న ఫ్రీక్వెన్సీలన్నీ పూర్తిగా తిరిగొస్తాయి అని. 48 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 48 వేల శాంపిల్స్ తీస్తే, 24 కిలోహెర్ట్జ్ వరకు. ఇక మన గిటార్ స్పీకర్ సంగతి చూడండి, అందరూ దేవుడిలా కొలిచే సెలెస్టియన్ వింటేజ్ 30కి కంపెనీ వాళ్ళే రాసుకున్న రేంజ్ 70 నుంచి 5000 హెర్ట్జ్. ఆ పైన అది వేగంగా పడిపోతుంది. ఐదు వేల దగ్గర చేతులెత్తేసే స్పీకర్ పెట్టుకుని ఇరవై నాలుగు వేల దగ్గర ఏదో పోయిందని ఏడవడం ఏంటో.

పోస్ట్ రాసినాయన నిజంగా తిట్టాలనుకుంటే తిట్టాల్సింది ఏలియాసింగ్‌ని. డిస్టార్షన్ (గిటార్ సౌండ్‌ని గరగరలాడించడం) అంటేనే కొత్త హార్మోనిక్స్, అంటే అసలు నోట్ పైన ఇంకా పై స్వరాలు, పుట్టించడం కదా, అవి ఆ 24 కిలోహెర్ట్జ్ గీత దాటితే మడత పడి కిందకొచ్చి శ్రుతితో సంబంధం లేని పిచ్చి కూతలుగా వినిపిస్తాయి. పాత బాక్సుల్లో హై గెయిన్, అంటే డిస్టార్షన్ బాగా, పెట్టి పై ఫ్రెట్లలో బెండ్ చేస్తే, నోట్ పైకి వెళ్తుంటే వెనక ఇంకేదో సన్నగా కిందకి జారేది, నేను విన్నాను. ఇప్పుడు లోపల ఓవర్‌శాంప్లింగ్ చేసి ఆ లెక్కంతా ఎక్కువ రేటులో కానిచ్చి వడగట్టి కిందకి దింపుతారు, అందుకే మంచి మోడలర్లలో అది దాదాపు వినపడదు. ఈ సంగతి పోస్ట్‌లో ఒక్క ముక్క లేదు. పైగా ఆయన పెట్టిన బోర్డ్ ఫోటోలో డిజిటల్ డిలే పెడల్ కనపడుతోంది, అది తిరిగిచ్చే ప్రతిధ్వనులన్నీ డిజిటలే, వాటిల్లో ఏ మెట్లూ తగల్లేదు పాపం. పక్కనున్న ఆకుపచ్చ ట్యూబ్ స్క్రీమర్ అనే డిస్టార్షన్ పెడల్‌లో పేరులో తప్ప ఎక్కడా ట్యూబ్ లేదు, ఉన్నది ఆప్ యాంప్ చిప్పు.

రెండోది: "లేటెన్సీ. పిక్ కొట్టాక సౌండ్ లేటుగా వస్తుంది, గ్రూవ్ చచ్చిపోతుంది."

గాల్లో సౌండ్ సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది, అంటే ఒక మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు. స్టేజ్ మీద మీ యాంప్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడ్డారంటే దాదాపు 9 మిల్లీసెకన్లు లేటుగా వింటున్నట్టు. జీవితంలో ఎవడైనా "నా యాంప్ లేటుగా మోగుతోంది, ఓ రెండడుగులు ముందుకి జరపండి, గ్రూవ్ పోతోంది" అన్నాడా? ఫ్లోర్ మోడలర్లు సాధారణంగా రెండు నుంచి ఐదు మిల్లీసెకన్ల లోపు పని కానిచ్చేస్తాయి. హెడ్‌ఫోన్స్‌లో వింటే గాలి దూరం ఉండదు కాబట్టి లెక్క ప్రకారం మోడలరే ముందు వినపడుతుంది.

మరి ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చిందంటే లాప్‌టాప్ ప్లగిన్ల నుంచి. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకి పోగుచేసుకునే సౌండ్ ముక్క) 512 శాంపిల్స్ దగ్గర వదిలేసి వాయిస్తే 48 కిలోహెర్ట్జ్‌లో ఒక వైపుకే పదిన్నర మిల్లీసెకన్లు దాటుతుంది, వెళ్ళి రావడానికి ఇరవై పైన, అప్పుడు చెయ్యి బురదలో ఉన్నట్టే ఉంటుంది, ఒప్పుకుంటా. ఇంకోటి, డిజిటల్ వైర్‌లెస్ ఒకటి, మోడలర్ ఒకటి, డిజిటల్ మిక్సర్ ఒకటి, ఇలా ఒకదాని వెనక ఒకటి పెట్టుకుంటూ పోతే అన్నీ తలా కొంచెం కలుపుతాయి. అక్కడ కేబుల్ పెట్టుకోవడమో ఏదో ఒకటి తీసేయడమో చెయ్యాలి. అంతే గానీ లేటెన్సీ ఉంది కాబట్టి మోడలర్ పనికిరాదనడం, గడియారం ఐదు నిమిషాలు వెనకుందని గోడ పగలగొట్టినట్టు.

మూడోది, దీని దగ్గర ఎక్కువసేపు ఉంటాను: "ట్యూబ్ గాలిని కదిలిస్తుంది, ఛాతీకి తగుల్తుంది. మోడలర్ సౌండ్ ఎప్పుడూ గ్లాసు వెనక ఉన్నట్టుంటుంది."

ఆయనకి వినపడింది కరెక్టే. నాకూ మొదట్లో అలాగే ఉండేది, కొన్న వారానికి తిరిగి ఇచ్చేద్దామనుకున్నా. కానీ గాలిని కదిలించేది ట్యూబ్ కాదు నాయనా, స్పీకర్. ట్యూబ్ చేసేది వోల్టేజ్, కరెంట్ వ్యవహారం, ఆ తర్వాత పన్నెండు అంగుళాల కాగితపు కోన్ కదా ఊగేది.

అసలు తికమక ఇక్కడుంది. మోడలర్ మామూలుగా ఇచ్చేది గదిలో నిలబడి వినే యాంప్ సౌండ్ కాదు, యాంప్ ముందు మైక్ పెట్టి రికార్డ్ చేస్తే కంట్రోల్ రూంలో వినిపించే సౌండ్. దాన్లో ఉండే ఐఆర్, అదే ఇంపల్స్ రెస్పాన్స్, అంటే ఫలానా క్యాబ్ (స్పీకర్ ఉండే పెట్టె) ముందు ఫలానా మైక్ ఫలానా చోట పెడితే ఎలా వినిపిస్తుందో దాని ముద్ర అన్నమాట. నిజం యాంప్‌తో మనం ఏం చేస్తామంటే, క్యాబ్ నేల మీద ఉంటుంది, స్పీకర్ మోకాళ్ళ వైపు చూస్తుంటుంది, మన చెవులేమో పైనెక్కడో ఉంటాయి. గిటార్ స్పీకర్ ట్రెబుల్‌ని టార్చ్ లైట్ లాగా నేరుగా ముందుకి కొడుతుంది, ఆ వెలుగు మోకాళ్ళ మీద పడుతుంది, మనకి పైన మెత్తబడ్డ సౌండ్ చేరుతుంది. నమ్మకం లేకపోతే వాల్యూమ్ బాగా తగ్గించి కింద కూర్చుని, చెవి కోన్ మధ్య భాగానికి ఎదురుగా పెట్టి వినండి, "ఇదా ఇన్నాళ్ళు నేను మెచ్చుకున్న టోన్" అనిపిస్తుంది, సూదుల్లా గుచ్చుకుంటుంది. యాంప్‌ల ముందు ఎక్కువగా పెట్టే ఎస్ఎం57 మైక్ వినేది ఆ చోటు నుంచే, అందుకే దాన్ని రెండు వేళ్ళ మందం పక్కకి జరిపితే వేరే గిటారేమో అన్నంత మారిపోతుంది.

ఇప్పుడు ఆలోచించండి, హాల్లో టికెట్ కొనుక్కుని కూర్చున్నవాడికి మీ ట్యూబ్ యాంప్ ఎప్పుడు వినపడింది? వాడు విన్నది ఆ మైక్ పట్టిందే, పీఏ, అంటే హాలు మొత్తానికి వినిపించే పెద్ద స్పీకర్లలో. అంటే మోడలర్ ఇచ్చేదాని తమ్ముణ్ణే. "ఫీల్" పోయేది వాయించేవాడికి. అది చిన్న విషయం అనట్లేదు, వాయించేవాడికి ఒళ్ళు పులకరించకపోతే వేళ్ళు కదలవు. కానీ దానికి మందు ఉంది: మోడలర్‌లో ఆ ఐఆర్ ఉండే క్యాబ్ బ్లాక్ ఆఫ్ చేసి, మోడలర్‌ని ఒక మామూలు పవర్ యాంప్‌కి, దాన్ని నిజం గిటార్ క్యాబ్‌కి తగిలించండి. నేను నా ట్యూబ్ హెడ్ (స్పీకర్ లేని యాంప్ పెట్టె) కింద ఉండే 2x12, అంటే రెండు పన్నెండు అంగుళాల స్పీకర్లున్న క్యాబ్‌కే దీన్ని పెట్టా, ఆ "గ్లాసు" అంతా ఆ సాయంత్రమే పోయింది, ప్యాంటు కాళ్ళు ఊగాయి, ఇంట్లో వాళ్ళు తలుపేసుకున్నారు.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మోడలర్ మీద నిందల్లో సగం దీని వల్లే. నేను చేసిన వెధవ పనే చెప్తా. మొదటి ప్రోగ్రాం ముందు రాత్రంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తక్కువ సౌండ్‌లో ప్యాచ్ (మోడలర్‌లో దాచుకునే సెట్టింగుల మూట) చెక్కా, బాస్ కాస్త పెంచా, మెరుపు కాస్త పెంచా, మిడ్స్ (మధ్య ఫ్రీక్వెన్సీలు) తగ్గించా, అబ్బ ఎంత బాగుందో. మర్నాడు సౌండ్ చెక్‌లో పీఏలోంచి వచ్చింది చూడాలి, కింద దుప్పటి దులుపుతున్నట్టు బుస్సు బుస్సు, పైన కందిరీగలు, మధ్యలో గిటార్ ఉండాల్సిన చోట ఏమీ లేదు, బ్యాండ్ మొదలవగానే నేను మాయం. సౌండ్ ఇంజినీర్ నా వైపు చూసి ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. ఫ్లెచర్, మన్సన్ అని ఇద్దరు 1933లోనే చెప్పారు, తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బాసూ ట్రెబులూ సరిగ్గా ఆనవు, వాల్యూమ్ పెరిగేకొద్దీ అవి లేచి నిలబడతాయి అని. అంటే రాత్రి నేను పెంచినవన్నీ పొద్దున రెండింతలయ్యాయి. అక్కడికక్కడే 90 హెర్ట్జ్ కింద కోసేసి, 6 కిలోహెర్ట్జ్ పైన కోసేసి, మిడ్స్ వెనక్కి తెచ్చా, పది నిమిషాల్లో గిటార్ మళ్ళీ గిటార్ అయింది. ట్యూబ్ యాంప్‌లో ఈ గొడవ తక్కువ ఎందుకంటే దాన్ని ఎలాగూ గట్టిగా పెట్టుకునే సెట్ చేస్తాం, పైగా పైన కోసే పని స్పీకరే చేసిపెడుతుంది.

నాలుగోది: "గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే క్లీన్ అవ్వదు, చేతి బరువు తెలీదు."

ఒకప్పుడు నిజం. లైన్ 6 కంపెనీ వాళ్ళ పాడ్ అనే పాత మోడలర్ మొదటిది 1998లో వచ్చింది, దాన్నీ ఇప్పటి వాటినీ ఒకే గాటన కట్టకూడదు. ఇప్పటి వాటిలో నాబ్ ఆరుకి తెస్తే డిస్టార్షన్ తగ్గుతుంది, మెల్లిగా మీటితే మెల్లిగా మోగుతుంది. చిన్న షరతు ఉంది కానీ: క్యాప్చర్, ప్రొఫైల్ అనేవి యాంప్‌ని ఒక నాబ్ పొజిషన్‌లో తీసిన ఫోటో లాంటివి, దాని మీద మళ్ళీ గెయిన్ నాబ్ బాగా తిప్పితే అసలు యాంప్ తిరిగినట్టు తిరగకపోవచ్చు. సర్క్యూట్‌ని భాగం భాగంగా లెక్కగట్టే మోడల్స్‌లో ఆ ఇబ్బంది తక్కువ. ఫజ్ ఫేస్ తరహా ఫజ్‌లు (ఒక రకం డిస్టార్షన్ పెడల్స్) మాత్రం నేను ఇంకా అసలువే వాడతా, వాటి ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) బాగా తక్కువ, గిటార్ పికప్‌తో నేరుగా ముడిపడి ఇద్దరూ కలిసి ఒక సర్క్యూట్ అయిపోతారు. అందుకే గిటార్, ఫజ్, ఆ తర్వాత మోడలర్, ఈ వరసలో పెట్టుకుంటా. పెడల్స్ అన్నీ పారేయాలని ఎవరూ అనలేదు.

ఐదోది: "పెద్దవాళ్ళెవరూ వాడరు."

దీనికి రెండు ముక్కలు చాలు. 2013లో మెటాలికా అనే రాక్ బ్యాండ్ అంటార్కిటికాలో చిన్న గుమ్మటం లోపల వాయించినప్పుడు జనం హెడ్‌ఫోన్స్‌లో విన్నారు, ఆ తర్వాత నుంచి స్టేడియాల్లో కూడా వాళ్ళ గిటార్లు ఫ్రాక్టల్ వాళ్ళ మోడలర్ల గుండానే పోతున్నాయి. ట్యూబ్ యాంప్ అంటే గుర్తొచ్చే ఫెండర్ కంపెనీయే 2019లో టోన్ మాస్టర్ డీలక్స్ రివర్బ్ అని ట్యూబులు లేని డిజిటల్ యాంప్ తెచ్చింది, బరువు 10 కిలోల పైచిలుకు, ట్యూబులున్న దాని అన్న 19 కిలోలు. అలాగని పెద్దవాళ్ళు వాడుతున్నారు కాబట్టి మంచిదని నేనూ అనను, ట్యూబులే వాడే పెద్దవాళ్ళు కూడా బోలెడు మంది. వాళ్ళ సామాన్లు మోసేది వాళ్ళు కాదు కదా.

ఆఖరిది: "ట్యూబ్ యాంప్ తాతల నాటి ఆస్తి, మోడలర్ ఐదేళ్ళకి చెత్త."

సగం ఇస్తా ఆయనకి. పాత ట్యూబ్ యాంప్ సర్క్యూట్ ఒక కాగితం మీద పట్టేస్తుంది, తెలిసిన మెకానిక్ ఎవరైనా బాగుచేస్తాడు. మోడలర్ బోర్డ్ మీద చిప్ పోతే కంపెనీకి పంపడమే, కంపెనీ ఆపేస్తే అంతే. కానీ ట్యూబ్ యాంప్ ఊరికే బతకదు, పవర్ ట్యూబులు అరుగుతాయి, మార్చినప్పుడు చాలా వాటిల్లో బయాస్ (ట్యూబ్ గుండా ఊరికే ఉన్నప్పుడు పోయే కరెంట్) సెట్ చెయ్యాలి, లోపల వందల వోల్టులు ఉంటాయి, స్విచ్ ఆపినా కెపాసిటర్లలో నిలవుండి చంపేయగలదు, ఆ కెపాసిటర్లూ ఏళ్ళు గడిస్తే ఎండిపోతాయి. ట్యూబులు తయారయ్యేది రష్యా, స్లొవేకియా, చైనా లాంటి కొద్ది చోట్లే, 2022 మార్చిలో రష్యా ఎగుమతులు ఆపేసరికి కొన్నాళ్ళు ఎంత గగ్గోలు పెట్టారో అందరికీ గుర్తుండే ఉంటుంది.

మోడలర్ నన్ను స్టేజ్ మీద ముంచిన రోజు కూడా ఉంది, దాచను. పాట మధ్యలో స్క్రీన్ బిగుసుకుపోయింది, ఏ స్విచ్ తొక్కినా ఉలుకూ పలుకూ లేదు, ఆపి మళ్ళీ ఆన్ చేసి అది లేచేసరికి దాదాపు నిమిషం, అంతసేపు డ్రమ్మర్ ఒక్కడే మోశాడు. ముందు రోజు రాత్రి ఫర్మ్‌వేర్, అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేసింది నేనే. అప్పట్నుంచి ప్రోగ్రాం ఉన్న వారంలో అప్‌డేట్ జోలికి పోను, బ్యాగులో ఒక చిన్న ప్రీయాంప్ పెడల్ పడి ఉంటుంది, అవసరమైతే నేరుగా పీఏకి పెట్టడానికి. పాత మోడలర్లు నిజంగా చెత్తయ్యేది సౌండ్ చెడిపోయి కాదు, కొత్త కంప్యూటర్‌లో వాటి ఎడిటర్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోక. కాబట్టి ఆ ఇన్‌స్టాలర్ ఫైలూ, ప్యాచ్‌ల బ్యాకప్పూ ఇవాళే ఒక పెన్ డ్రైవ్‌లో వేసి గిటార్ కేసులో పడేయండి.