ముట్నూరివారికి సంజాయిషీ నోటీసు

సంపాదక వృత్తికి ముట్నూరి కృష్ణారావుగారు చేసిన చేటును తెలుగువారు ఇంతవరకు తగినంత గంభీరంగా పట్టించుకోకపోవడం విచారకరం. 1902లో పుట్టిన కృష్ణాపత్రిక సంపాదకత్వాన్ని 1907లో చేపట్టిన ఆ పెద్దమనిషి, 1945లో కన్నుమూసేదాకా బందరులోని ఆ కుర్చీ వదలలేదు. ముప్పై ఎనిమిదేళ్లు ఒకే పత్రిక, ఒకే ఊరు! అంతకాలంలో ఇప్పటి సంపాదకుడు ఎన్ని సంస్థలు మారి, ఎందరి కండువాలు సవరించి ఉండేవాడో లెక్కవేసుకుంటే చాలు, ఆయన చేతకానితనం బోధపడుతుంది.

కళ్లెదుట ఆదర్శాలు లేకనా అంటే, ఉన్నాయి. ఆంధ్రపత్రిక నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లోనే అమృతాంజనం తయారుచేసి పెట్టుకున్నారు. సంపాదకీయం చదివి తల నొస్తే మందూ ఆయన దగ్గరే దొరికేది. జాతీయ కళాశాల పెట్టడంలో కృష్ణారావుగారితో కలిసి నడిచిన పట్టాభి సీతారామయ్యగారు 1923లో అదే బందరులో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. మరి ఈయన పెట్టిందేమిటి? దర్బారు. పొద్దువాలేసరికి కవులు, కళాకారులు, రాజకీయ నాయకులు పత్రిక కార్యాలయంలో చేరడం, ఆయన మాట్లాడటం, వాళ్లు వినడం. ప్రవేశ రుసుము లేదు, ప్రాయోజకులు లేరు, వెనకాల ఒక ఫ్లెక్సీ అయినా లేదు.

అసలు నేరం రాతలో ఉంది. బందరు తొక్కుడు లడ్డుకు బూందీని పూసగా మిగలనివ్వకుండా దంచి, జల్లించి, పాకంలో వేసి మళ్లీ దంచినట్లు, ఈయన స్వరాజ్యాన్నీ వేదాంతాన్నీ కళనూ ఒకే రోట్లో వేసేవారు. రాజకీయం ఎక్కడ ముగిసిందో, ఉపనిషత్తు ఎక్కడ మొదలైందో విడదీయలేక పాఠకుడు మళ్లీ మొదటికి పోవలసిందే. డబ్బిచ్చి పత్రిక కొన్నవాడి చేత ఒకే వాక్యాన్ని రెండుసార్లు చదివించడం ఏ న్యాయం?

నేను రాసేచోట అటువంటి ప్రమాదం లేదు. వ్యాసం నెత్తిన 'చదవడానికి రెండు నిమిషాలు' అని ముద్ర వేస్తారు. మొన్న నా వాక్యం ఒకటి మూడో పంక్తిలోకి దిగబోతుండగా ఉపసంపాదకుడు కనిపెట్టి, నడుముకు కోసి, మిగిలిన ముక్కకు 'షాకింగ్ నిజం' అని పేరుపెట్టి నాకే పంపాడు. ఆ నిజమేమిటో నాకింకా తెలియలేదు గాని, చదివినవారు మాత్రం వేలల్లో ఉన్నారట.

కావున, మరణానంతరమే అయినా, కృష్ణారావుగారిని సంజాయిషీ అడగవలసిందిగా ఇందుమూలంగా కోరుతున్నాను. జవాబు రెండు పేరాలకు మించరాదు. ఉపనిషత్తులు అసలే ఉండరాదు.