లావు పిన్ను ల్యాప్‌టాప్, సన్న పిన్ను సంసారం

ఒంగోలులో మా చెల్లెలి ఇంట్లో ఫ్రిజ్ మొన్నటిదాకా అరపూట ఉద్యోగం చేసింది. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది వరకు దానికి సెలవు. ఆ వేళలో దాని పాయింటును ఇంటికి కొత్తగా వచ్చిన గేమింగ్ ల్యాప్‌టాప్ వాడుకునేది. మేనల్లుడు ఇంజనీరింగులో చేరాడన్న సంతోషంలో లక్షా పదివేలు పోసి కొన్న ఆ యంత్రం గురించి షాపు కుర్రవాడు చెప్పిన మాట ఇంటిల్లిపాదికీ కంఠస్థం: ఆటలకు ఆటలు, రోజువారీ పనులకు రోజువారీ పనులు, రెండింటికీ ఇదొక్కటే చాలు. ఆ ఒక్కదాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఆయన సెలవివ్వలేదు.

ఛార్జరుకు ఉన్నది 16 యాంపుల లావు పిన్ను. ఆ ఇంట్లో లావు పిన్ను పట్టే పాయింట్లు మూడే మూడు. ఏసీ పాయింటు గోడకు ఏడడుగుల ఎత్తున ఉంది గనుక అక్కడ తగిలిస్తే ల్యాప్‌టాప్ ఉట్టి మీద పెరుగుకుండలా వేలాడాలి. రెండోది బాత్‌రూములో గీజరుది. దాని సంగతి చర్చించుకోవలసిన అవసరం లేదు. మిగిలింది ఫ్రిజ్ పాయింటు. కాబట్టి లక్షా పదివేల శక్తిమంతమైన యంత్రం వంటింట్లో, ఉల్లిపాయల బుట్ట పక్కన, పీట మీద వెలసింది.

లెక్క చెబుతాను, వినండి. ఆ ఛార్జరు మీద రాసి ఉన్నది 230 వాట్లు. మన ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులు. భాగిస్తే సుమారు ఒక్క యాంపు. చదువుకునే బల్ల పక్కన ఉండే సన్న పాయింటు ఆరు యాంపులు, అంటే 1380 వాట్లు ఇవ్వగలదు. 750 వాట్ల మిక్సీ సన్న పిన్నుతోనే మినప్పప్పు రుబ్బుతుంది. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె సన్న పిన్నుతోనే చొక్కా కాలుస్తుంది. వాటిలో మూడో వంతు కరెంటు చాలే ఈ మహానుభావుడికి మాత్రం గీజరుతో సమానమైన పీట కావాలట! లావు పిన్నును సన్న పాయింటుకు తగిలించే కన్వర్టర్ పెట్టుకోమన్నారు. వంద రూపాయల ఆ ముక్కకు లావు పిన్నూ బండెడు తీగా తగిలిస్తే, గోడలో నుంచి సగం బయటికి వచ్చి, సభలో నిద్రపోతున్న పెద్దమనిషిలా తల వాల్చేస్తుంది.

ఇక రోజువారీ పనుల వైభవం చూడాలి. మా బావ పొలం రికార్డు, అదే 1బీ, చూసుకోవాలన్నాడు. పీట ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు. కీబోర్డు కింద ఏడు రంగుల లైట్లు తిరునాళ్ల ప్రభలా వెలిగాయి. ఫ్యాన్లు గుయ్యిమని మొదలుపెట్టాయి. పక్కనుంచి వచ్చే వేడిగాలి మోకాలికి తగలగానే ఆయన, ‘బావా, దీని పక్కన నాలుగు కర్రలు పాతితే పొగాకు ఆరబెట్టే బ్యారన్ వేరే ఎందుకు?’ అని అడిగాడు. వెనక నుంచి చెల్లెలు చారుగిన్నె పట్టుకుని, ‘కొంచెం జరగండి, చారు మీద పడుతుంది’ అంటోంది. సర్వే నంబరు కొట్టేలోగా ఏదో అప్‌డేట్ మొదలైంది. చివరికి ఆయన 1బీని ఫోనులో చూసుకున్నాడు. ఒక రాత్రి కుర్రవాడు ఆట ముగించి ఫ్రిజ్ పిన్ను తిరిగి పెట్టడం మరిచిపోయాడు. చేపల పులుసు మరునాటికే రుచి అని మన జిల్లాల్లో నానుడి గానీ, కొత్తపట్నం నుంచి తెచ్చి ఫ్రీజరులో దాచిన పచ్చి వంజరం ముక్కలకు ఆ సూత్రం వర్తించదని తెల్లవారేసరికి ఇంటికంతా తెలిసింది.

బండలాగుడు పోటీలకు మేపిన ఒంగోలు గిత్తను చూపించి, ఇదే మీ పాలక్యాన్లు కూడా కేంద్రానికి మోస్తుందని ఎవరైనా అమ్మజూపితే మన రైతు నవ్వి ఊరుకుంటాడు. అయినా గిత్త నయం, ఏ గాటికి కట్టినా మేస్తుంది. నెల్లూరు రొట్టెల పండుగలో ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సొంతింటి రొట్టె దొరుకుతాయి గానీ, ‘రెండింటికీ పనికొచ్చే ల్యాప్‌టాప్ రొట్టె’ ఇంతవరకు నా కంటపడలేదు. కోరిక తీరినవాళ్లు వచ్చి ఇవ్వాలి కదా ఆ రొట్టెను!

కొనేరోజున నేనూ షాపుకు వెళ్లాను. ఆటల బొమ్మలను తెర మీద ఆడించే గ్రాఫిక్స్ కార్డు ఎన్ని వాట్లది నాయనా అని అడిగితే, ‘ఎనిమిది జీబీ సార్’ అన్నాడు. జీబీ కాదు, వాట్లు అన్నాను. ‘తెర 144 హెర్ట్జ్ సార్’ అన్నాడు. మూడోసారి అడిగితే బ్యాగు ఫ్రీ అన్నాడు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఆర్‌టీఎక్స్ 4060 అన్న ఒకే పేరు మీద ల్యాప్‌టాప్ కార్డును 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా బిగించి అమ్మవచ్చు. పేరు ఒకటే, స్టిక్కరు ఒకటే, లోపలి సత్తువ వేరు. ఆర్‌టీఎక్స్ 4070 అని డెస్క్‌టాపులో కొంటే కార్డు మెమరీ 12 జీబీ, అదే పేరుతో ల్యాప్‌టాపులో కొంటే 8 జీబీ. మా బావ పొగాకు రైతు. వేలం కేంద్రంలో ఆయన పొగాకు మూట, అదే బేలు, విప్పి, ఆకు రంగు చూసి, చెమ్మ చూసి, గ్రేడు చాలలేదని కిలోకు ఇన్ని రూపాయలు కోసేస్తారు. నచ్చకపోతే నోబిడ్, అంటే పాడేవారు లేరు, అని పక్కకు నెట్టేస్తారు. తన సరుకులో రవ్వంత మచ్చ దాచినా ఒప్పుకోని లోకంలో బతికిన మనిషి, ఆ డబ్బే తెచ్చి పెట్టె కొంటే, దాని మీద ఎన్ని వాట్లో రాయడానికి చేసి అమ్మే మీకు సిరా కరువైందా? రెండు స్లాట్లు ఉన్నచోట ఒకే ర్యామ్ (మెమరీ) ముక్క గుచ్చి, రెండోది ఖాళీగా వదిలి, వేగం తగ్గించి, ఆ సంగతి చెప్పకుండా అమ్మడాన్ని ఏ గ్రేడు కింద కట్టాలి? టైప్-సీ ద్వారా 100 వాట్ల ఛార్జింగ్ తీసుకునే రకం కొంటే చదువుకు సన్న పిన్ను ఛార్జరే సరిపోతుందన్న ఒక్క ముక్క, ఆ ఒక్క ముక్క, అమ్మేవాడి నోట ఎందుకు రాలేదు? బ్యాగు ఫ్రీ అట!

కిందటి వారం కుర్రవాడిని హాస్టల్లో దింపడానికి నేనే వెళ్లాను. రెండున్నర కిలోల యంత్రం వాడి వీపున, ఇటుకంత ఛార్జరు నా చేతిలో. గదిలో ఉన్నవన్నీ సన్న పాయింట్లే. వార్డెన్‌గారు నా చేతిలోని పిన్ను వైపు చూసి, ‘హీటరా, ఇండక్షన్ స్టవ్వా?’ అని అడిగారు. ల్యాప్‌టాప్‌ది అంటే నమ్మలేదు. హీటర్లు నిషేధమన్న బోర్డు చూపించి, తీగ చుట్టి, రిజిస్టరులో ‘లావు పిన్ను వస్తువు - 1’ అని రాసుకుని, నా చేత సంతకం పెట్టించుకుని బీరువాలో పెట్టారు. రాత్రి వాడు ఫోన్ చేశాడు.

‘మామయ్యా, మొదటి అసైన్‌మెంటు పంపేశాను.’

‘దేంట్లో చేశావురా?’

‘ఫోన్లో.’