సవరణ: ఘోస్ట్ రైటర్ హక్కుల గురించి

డబ్బు పుచ్చుకుని వేరొకరి పేరు మీద రాసిపెట్టే ఘోస్ట్ రైటర్‌కు ఆ రచనపై ఇక ఏ హక్కూ ఉండదని మొన్నటి టపాలో రాశాను. అది తప్పు. 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, కాపీరైట్ వేరొకరికి రాసిచ్చేశాక కూడా ‘ఇది నా రచన’ అని చెప్పుకునే హక్కు రచయితకే ఉంటుంది. పైగా ఆ రాసివ్వడం కాగితం మీద, సంతకంతో జరగాలి (19వ సెక్షన్), నోటిమాట చెల్లదు.

కోడంబాక్కంలో మా పక్కవాటా పెద్దాయన టపా చదివి తలుపు తట్టారు. ఇతరుల పేర్ల మీద ఎన్నో తెలుగు సినిమాలకు సంభాషణలు రాసిన మనిషి. చేతిలో పసుపుపచ్చబడిన కార్బన్ కాపీల కట్ట. ‘‘హక్కు సంగతి నాకు అప్పుడే తెలుసు నాయనా. అడిగితే మరుసటి సినిమా ఉండదు, అంతే’’ అన్నారు.

టపాలో ఆ వాక్యం కొట్టేశాను.