ఆ రాయి కింద మట్టి జోలికి పోకండి

మొన్న ఆదివారం మళ్లీ బ్లూ బెల్ హిల్ వెళ్లాను. ఇంగ్లండులోని కెంట్ కౌంటీలో, మెయిడ్‌స్టోన్ ఊరికి దగ్గర్లో, కొండ దిగువన కాలిబాట పక్కనే చెట్ల అంచున ఓ పెద్ద రాయి ఉంటుంది. వైట్ హార్స్ స్టోన్ అంటారు. మూడు మీటర్లకు కాస్త తక్కువ పొడవు, దాదాపు మనిషంత ఎత్తు. ఈసారి దాని పగుళ్లలో ఎవరో నాణేలు దిగ్గొట్టారు. రాయి అడుగున కొవ్వొత్తుల మైనం గడ్డకట్టి ఉంది. దాని పక్కనే జానెడు లోతు గుంట. ఏదైనా పాతిపెట్టారో, ఏముందోనని తవ్వి చూశారో తెలీదు. ఇంటికొచ్చి రెండు రోజులైనా కడుపుమంట చల్లారలేదు. అందుకే ఈ పోస్టు.

అది సార్సెన్ రాయి. ఇసుకా సిలికా కలిసి బిగుసుకుపోయి కోట్ల ఏళ్ల కిందట తయారైంది. మొహం దగ్గరగా పెట్టి చూస్తే పటికబెల్లం పగిలినచోట మెరిసే పలుకుల్లాంటివి కనిపిస్తాయి. ఈ రకం రాళ్లకి వేలు దూరేంత బొరియలు కూడా ఉంటాయి, ఏనాటివో చెట్ల వేళ్లు పాకిన దారులు. వాన కురిసిన మర్నాడు వాటిలో నీళ్లు నిలుస్తాయి.

రాయి వయసంటే అదీ. దాన్ని మనిషి నిలబెట్టాడా, నిలబెడితే ఎప్పుడు అన్నది వేరే ప్రశ్న. మెడ్‌వే నదికి ఇరువైపులా కోల్డ్రమ్, కిట్స్ కోటీ లాంటి రాతి సమాధులు ఉన్నాయి. ఆ ప్రాంతపు తొలి రైతులు దాదాపు 6,000 ఏళ్ల కిందట కట్టినవి. ఈ రాయి కూడా అలాంటి సమాధిలో మిగిలిన ముక్క కావచ్చని పండితుల ఊహ. ఊహే. రుజువు లేదు.

కథలకి మాత్రం కొదవ లేదు. క్రీ.శ. 455లో పక్కనే ఉన్న ఎయిల్స్‌ఫర్డ్ దగ్గర జరిగిందంటున్న యుద్ధంలో, సముద్రం దాటి బ్రిటన్ వచ్చిన దండు నాయకుడు హోర్సా చనిపోయాడనీ, అతని తెల్ల గుర్రం జెండా ఈ రాయి దగ్గర దొరికిందనీ చెబుతారు. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, ఆ కథ అసలు ఈ రాయిది కాదు. దగ్గర్లోనే ఇంకో రాయి ఉండేది. 19వ శతాబ్దం మొదటి భాగంలో దాన్ని పగలగొట్టేశారు. పేరూ కథా దిక్కులేక ఈ రాయి మీదికి వచ్చి చేరాయి. మన ఊళ్లలో పాత రాతి సమాధుల్ని రాకాసి గుళ్లు అన్నట్టే, తెలియనిచోట మనిషి ఓ కథ పెట్టుకుంటాడు. అందులో తప్పేం లేదు. కథని నమ్మి పారతో వచ్చేవాళ్ల మీదే నా కోపం.

ఎందుకంటే నిజం తేల్చగలిగింది ఆ మట్టి ఒక్కటే. ఇదే కొండ కింద ద్రాక్షతోటలో కాఫిన్ స్టోన్ అని నాలుగు మీటర్లు దాటిన పలక ఒకటి పడుకుని ఉంది. 1830ల్లో దాని దగ్గర పుర్రెలు, ఎముకలు దొరికాయన్నారు. కూలిపోయిన సమాధి అనే చాలామంది అనుకున్నారు. 2008, 2009ల్లో పురావస్తు శాస్త్రవేత్త పాల్ గార్వుడ్ బృందం తవ్వి చూస్తే అక్కడ సమాధి ఆనవాళ్లే లేవు. ఆ పలకని 15, 16 శతాబ్దాల్లో ఎవరో అక్కడికి చేర్చారని తేలింది. ఇంగ్లండులోనే విల్ట్‌షైర్ కౌంటీలో, వుడ్‌హెంజ్ అనే పాతకాలపు కర్ర స్తంభాల వలయం దగ్గరున్న కకూ స్టోన్‌ది సరిగ్గా తిరగేసిన కథ. పొలంలో అడ్డంగా పడున్న బండ. 2007లో తవ్వితే ఒకప్పుడు దాన్ని నిలబెట్టిన గుంత దొరికింది, అంతకుముందు అది సహజంగా పడి ఉన్న చోటూ ఆ పక్కనే బయటపడింది. తర్వాతి కాలాల జనం చితాభస్మం కుండల్లో పెట్టి దాని చుట్టూ పాతిపెట్టిన సంగతీ బయటపడింది.

పైనుంచి చూస్తే రెండూ పొలంలో పడున్న బండలే. తేడా అంతా కింద ఉంది: గుంత అంచు, బిగింపుకి దూర్చిన చిన్న రాళ్లు, కాలం లెక్కగట్టడానికి పనికొచ్చే చిటికెడు బొగ్గు. ఒక్క పార వేటుతో ఆ మట్టి పొరల వరస కలగాపులగమైపోతుంది. ఆ తర్వాత ఎంత గొప్ప ప్రయోగశాల ఉన్నా చేసేదేం లేదు.

వైట్ హార్స్ స్టోన్ దగ్గర మట్టి ఏం దాస్తుందో మనం ఒకసారి చూశాం కూడా. ఛానల్ టన్నెల్ రైలు మార్గం వేసేముందు అక్కడ తవ్వకాలు జరిపారు. నవీన శిలాయుగం తొలినాటి పొడవాటి ఇల్లు ఒకటి బయటపడింది. ఇల్లంటే గోడలు కావు. కర్ర స్తంభాలు పాతిన గుంతలు, చుట్టుపక్కల మట్టికన్నా కాస్త వేరే రంగు మట్టి. ఓపిగ్గా, పొర పొరగా గీకినవాళ్ల కంటికే అది ఇల్లయింది. అదే మట్టిలో సరదాకి జానెడు గుంట తవ్వినవాడికి ఏం కనిపిస్తుంది?

“వట్టి రాయేగా, రుజువు కూడా లేదంటున్నావ్, ఎందుకంత బాధ?” అని నాతో వచ్చిన స్నేహితుడు అడిగాడు. రుజువు లేదు కాబట్టే బాధ. కిట్స్ కోటీకి 1882 నుంచే చట్టం అండ ఉంది, చుట్టూ ఇనుప కంచె ఉంది. దాని సంగతి అందరికీ తెలుసు. ఏమిటో తేలని ఇలాంటి రాళ్లకే కాపలా ఎక్కువ కావాలి, వాటి విషయం ఇంకా తేలాల్సి ఉంది గనక.

నాణేలు నేను పీకలేదు, పీకితే రాతి అంచులు లేచొస్తాయి. గుంటని పూడ్చలేదు కూడా. పక్కన కొలతకి నా బూటు పెట్టి ఫోటోలు తీసి, కౌంటీలో పురావస్తు వ్యవహారాలు చూసేవాళ్లకి పంపాను. అటువైపు వెళ్లేవాళ్లుంటే రాయిని తాకండి, ఆనుకుని కూర్చోండి, పిల్లలకి హోర్సా కథ చెప్పండి. కొత్త గుంట కనిపిస్తే మాత్రం వెంటనే నాకు మెసేజ్ పెట్టండి.