మహారాజశ్రీ స్ప్రింగు ఎయిర్ రైఫిల్ గారి దివ్య సముఖానికి

అయ్యా,

తమరు మింగే పెల్లెట్ల, అదే సీసపు గుళ్ల, ఖర్చు భరిస్తున్న వాడను, రసీదులో యజమాని అని పేరున్న వాడను, నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం, తమరి నెత్తినున్న గురి చూసే దుర్బిణి, అదే స్కోపు, తప్ప.

జరిగింది తమరికి తెలియనిది కాదు. అయినా రికార్డు కోసం రాస్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం, మనిషి జన్మ ఎత్తినవాళ్లంతా తిని కునుకు తీసే వేళ, తమర్ని భుజాన మోసుకుని డాబా ఎక్కాను. వాటర్ ట్యాంకు నీడలో చాప. పది మీటర్ల అవతల పాత గుడ్డలు కుక్కిన గోనెసంచి, దాని ముందు టార్గెట్ కార్డు. పనల్లా జీరో చేసుకోవడం, అంటే గురి పెట్టిన చోటే పెల్లెట్ తగిలేలా స్కోపు సర్దుకోవడం. తమరు మొదట ఎడమకి కొట్టారు. స్కోపు కుడికి తిప్పాను. మళ్లీ ఎడమకే కొట్టారు. ఇంకొన్ని క్లిక్కులు తిప్పాను. ఈసారి కిందకి కొట్టారు. పైకి తిప్పాను. ఒక్కటంటే ఒక్కటి నడిమధ్యలో కొట్టి, ఆశ పెట్టి, ఆ తర్వాతది కార్డు దాటించి గోనెసంచిలోకి పంపారు. నీడ ట్యాంకు ఇటువైపు నుంచి అటువైపుకి పోయింది. చెమట కళ్లలోకి దిగింది. చివరికి కన్ను తుడుచుకుని చూద్దును కదా, స్కోపులో ప్లస్ గుర్తు ఇంటూ గుర్తయి కూర్చుంది.

అమ్మినాయనకి ఫోన్ చేశాను. కొన్న రోజున ఆ స్కోపును తన చేతుల్తోనే తమరి నెత్తిన బిగించి, "దీనికి తిరుగే లేదన్నా, జిందగీల మల్ల చూస్కునే పనే లేదు" అన్నది ఆయనే. ఇప్పుడు, "వారంటీ కార్డు ఎనకకు తిప్పి సూడున్రి అన్నా" అన్నాడు. తిప్పాను. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: స్ప్రింగు ఎయిర్ గన్ల మీద వాడితే వారంటీ వర్తించదు. ఎయిర్ గన్‌తో పాటు కలిపి, ఒకే బిల్లు మీద అమ్మిన స్కోపు! మరి దేని మీద వాడాలయ్యా అంటే, "అది అసలు తుపాకులకు వస్తదన్నా" అన్నాడు. అసలు తుపాకీ అంటే నాకు లైసెన్సు ఎవడిస్తాడు?

ఇక్కడ మాత్రం ఆయన చెప్పింది నిజం, అదే ఒళ్లు మండిస్తోంది. మందుగుండు రైఫిల్ ఎంత పెద్దదైనా వెనక్కే తంతుంది. ఏనుగుని పడగొట్టే తుపాకీ మీద ఏళ్ల తరబడి బతికిన స్కోపు తమరి మీద నెలల్లో చస్తుంది. తమరు రెండు వైపులా తంతారు మరి. ట్రిగ్గర్ నొక్కగానే లోపల స్ప్రింగు పిస్టన్‌ని ముందుకు తోస్తుంది, తమరు వెనక్కి జరుగుతారు. పిస్టన్ ముందు గాలి నలిగి, మెత్తలా అడ్డుపడి, దాన్ని ఆపేస్తుంది, తమరు ముందుకి దూకుతారు. ఇంత కోలాహలం జరుగుతున్నప్పుడు పెల్లెట్ ఇంకా బ్యారెల్లోనే ఉంటుంది! అరగ్రాము సీసం బయటికి పోవడానికి మూడు కిలోల వస్తువు ముందుకీ వెనక్కీ ఊగాలా?

అసలు గొడవంతా ఈ ఊగుడుతోనే. ఎన్‌సీసీలో .22 రైఫిల్ చేతికిచ్చిన హవల్దారు ఒకటే మాట నేర్పాడు: భుజానికి గట్టిగా ఆనించు, బిగించి పట్టు. ఆ మాట తమరి దగ్గర చెల్లదు. బిగించి పడితే తమరికి కోపం, పక్కకి కొడతారు. వదులుగా పడితే అలక, ఇంకో పక్కకి కొడతారు. ఎడమ అరచెయ్యి చాపి, దాని మీద తమర్ని ఊరికే ఆనించాలట, వేళ్లు ముడవకూడదట, తమరు ఎటు ఊగితే అటు ఊగనివ్వాలట. ఆర్టిలరీ హోల్డ్ అని దానికో పేరు కూడా. పండక్కి వచ్చిన కొత్త అల్లుడి దగ్గర మెలిగినట్టు మెలగాలన్నమాట: ఎక్కువ పట్టించుకుంటే విసుగు, తక్కువైతే అవమానం. పోనీ అంతటితో ఊరుకున్నారా? అరచెయ్యి నిన్నటి చోటికి అంగుళం ముందుంటే కార్డు మీద కంతల గుంపు ఒక చోట, అంగుళం వెనకుంటే ఇంకో చోట. చెంప స్టాకుకి, అదే భుజానికి ఆనించే పిడికి, కాస్త ఎక్కువ ఆనితే మరో చోట. ఆ ఊగుడికి స్టాకు స్క్రూలు వాటంతటవే వదులైతే, ఆ పాపమూ నా అరచేతి ఖాతాలోనే.

మిగతావి చెప్పుకుంటే సిగ్గుచేటు, అయినా చెప్పుకుంటాను. ఒకే .177 సైజులో ఇన్ని రకాల పెల్లెట్లు ఎందుకు కొన్నావని ఇంట్లో అడిగితే ఏం చెప్పను? ఒక్కో బ్యారెల్‌కి ఒక్కోటి పడుతుందని, కొని కొట్టి చూస్తే తప్ప తెలియదని, తమరికి నచ్చింది అన్నిటికన్నా ఖరీదైన జర్మనీ డబ్బా అని చెప్పాను. ఆవిడ నా వైపు కాకుండా తమరి వైపు చూసింది. ఆ చూపు తమరికి తగిలే ఉంటుంది.

2016 ఆయుధాల నియమాల ప్రకారం బ్యారెల్ కంత .177 అంగుళాలు, దెబ్బ శక్తి 20 జౌళ్లు మించకపోతే లైసెన్సు అక్కర్లేదు. ఈ సంగతి మూడో అంతస్తు ఆంటీకి ఎవరు చెబుతారు? కమ్యూనిటీ హాల్లో రాత్రి ఒంటిగంట దాకా డీజే మోగితే గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టే అసోసియేషన్, తమరి 'టప్' ఒక్కసారి వినబడగానే "డాబా మీద కాల్పులు" అని పోస్టు పెట్టింది.

చుట్టాలు ఇంకో రకం. "పిట్టల్ని కొడతావా బావా?" కాగితాన్ని కొడతానంటే నవ్వు. ఊళ్లో చిన్నాన్న అయితే కోతుల బాధ పడలేక ఒక వారం తమర్ని అరువు అడిగాడు. ఇవ్వనన్నాను. తమరి దెబ్బకి కోతి చావదు, పారిపోయీ ఊరుకోదు. పెల్లెట్ ఒంట్లో దిగబడి, పుండు పడి, పురుగు పట్టి రోజుల తరబడి తిరుగుతుంది. పిల్లాడి కంట్లో పడితే ఆ కన్ను మరి రాదు. బొమ్మ తుపాకీ కదా అని తమర్ని అటక మీద పడేసే ఇళ్లున్నాయి. ఈ ఒక్క విషయంలో నేను వెటకారం చేయడం లేదు.

సరే, దాయాదుల మాటకొద్దాం. గాలి ముందే సిలిండర్లో నింపుకున్న రైఫిళ్లు దాదాపు తన్నవట. పోటీల్లో పది మీటర్ల కార్డు మీద అన్నిటికన్నా పెద్ద వలయం వెడల్పు 45.5 మిల్లీమీటర్లు, మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా, 2012లో లండన్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ మెడళ్లు తెచ్చింది ఆ చుక్క మీదే. ఆ శాఖ పాతది కూడా. 1780 ప్రాంతంలోనే ఆస్ట్రియా సైన్యం జిరాండోని గాలి రైఫిల్ వాడింది, అమెరికా పడమటి దిక్కుకు బయల్దేరిన లూయిస్, క్లార్క్ దళం కూడా ఒక గాలి రైఫిల్ మోసుకెళ్లింది. జిరాండోనిలో గాలి నింపాలంటే పంపు సుమారు 1,500 సార్లు కొట్టాలట. ఇప్పటి వాటికీ చేతి పంపుతో 200 బార్ల ఒత్తిడి ఎక్కించేసరికి నడుం పడిపోతుంది, పోటీ రైఫిలైతే ధర లక్షల్లో మొదలవుతుంది. కొనలేను కాబట్టే తమర్ని భరిస్తున్నాను.

లేదు, ఇక తమరూ గిమరూ అని నావల్ల కాదు. ఏం తక్కువ చేశాన్రా నీకు? ఖాళీగా పేలిస్తే నీ స్ప్రింగు పాడవుతుందని, చూడ్డానికొచ్చిన ప్రతివాడి చేతిలోంచీ నిన్ను లాక్కున్నాను. నూనె ఎక్కువైతే లోపల మండి పొగ కక్కుతావని చుక్క లెక్కన వేశాను. వానాకాలంలో నా బూట్లకి బూజు పట్టింది గానీ నీ బ్యారెల్‌కి తుప్పు పట్టలేదు. నా బీపీ మాత్ర మర్చిపోయిన రోజులున్నాయి, నీ స్క్రూలు మర్చిపోయిన రోజు లేదు. ఇంత చేస్తే స్కోపు పగలగొడతావా? అదీ ఈఎంఐ తీరకముందే!

పోనీ వదిలేద్దామంటే ఆ దిక్కుమాలిన రెండు నిమిషాలు వదలనివ్వవు. బ్యారెల్ కిందకి వంచి తెరిచి, పెల్లెట్‌ని బొటనవేలితో లోపలికి నొక్కి, మళ్లీ మూస్తే వచ్చే ఆ 'టిక్'. ఊపిరి సగం వదిలి ఆపితే, స్కోపులో ప్లస్ గుర్తు నా గుండెతో పాటే కొట్టుకుంటుంది. ఆ సేపు మేనేజరు లేడు, బంగారం ధర లేదు, జేబులో ఫోన్ మోగినా అది నాది కాదు. పది మీటర్ల అవతల ఒక నల్ల చుక్క, ఇవతల నా వేలు, అంతే. ఎప్పుడో ఒకసారి, నీ మూడ్ బాగుండి, మూడు పెల్లెట్లు ఒకే కంతలోంచి పంపిస్తావు. కార్డు మీద కంత అంచు చిరిగి మారేడు దళంలా ఉంటుంది. అలాంటిది ఒకటి పర్సులో పెట్టుకు తిరుగుతున్నాను, మనవడి ఫొటో పక్కన. ఆఫీసులో చూపిస్తే "ఏంటి సార్, ఎలక కొరికిందా" అన్నారు.

కాబట్టి తెలియజేయునది ఏమనగా: చచ్చిన స్కోపు ఊడదీశాను. కొత్తది కొనేది లేదు. ఇకమీద ఇనప సైట్లతోనే. వెనక గాడి, ముందు ముల్లు, ఆ అవతల టార్గెట్, మూడూ ఒకేసారి స్పష్టంగా కనబడే వయసు నాది కాదు. ముల్లు మీదే చూపు నిలుపుతాను, మిగతావి మసగ్గా ఉన్నా సర్దుకుంటాను. అరచెయ్యి ఆనాల్సిన చోట స్టాకు మీద తెల్ల టేపు అంటించాను. స్క్రూలు బిగించాను. నా వైపు నుంచి బాకీ ఏమీ లేదు.

వచ్చే ఆదివారం కూడా ఎడమకే కొడితే అమ్మకానికి పెట్టేస్తాను. ఫొటోలు తీసి ఉంచాను, ప్రకటన కూడా రాసిపెట్టాను. ధర మాత్రం బుర్రున్నవాడెవడూ కొననంత వేశాను.

ఇట్లు,
తమరి,
కాదు, నీ
రసీదులో యజమాని